ఎలక్ట్రిక్ కారుతో మా మొదటి ఏడాది: బండి కన్నా ప్లగ్గు దగ్గరే ఎక్కువ పని

గత ఏడాది ఉగాది రోజున, అంటే 2025 మార్చి 30న, టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ ఇంటికి తెచ్చుకున్నాం. 45 కిలోవాట్ అవర్ల, అంటే 45 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఉన్న మోడల్. మొన్న సంక్రాంతికి కూడా దాంట్లోనే ఊరెళ్లి వచ్చాం. కొనేముందు నేను చూసిన వీడియోలన్నీ పికప్ గురించి, స్క్రీన్ గురించి, సీట్ల గురించి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక్క చార్జింగ్ పాయింట్ పెట్టించుకోవాలంటే ఎంతమందిని ఒప్పించాలో, పల్లెటూరి ఇంట్లో ప్లగ్గు పెడితే ఏమవుతుందో, కరెంటు బిల్లు ఏ స్లాబులోకి పోతుందో ఎవరూ చెప్పలేదు. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మేం ఉండేది వనస్థలిపురంలో. నా ఆఫీసు హైటెక్ సిటీలో. ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, అరాంఘర్ మీదుగా వెళ్తే పోనూ రానూ 70 కిలోమీటర్లు దాటుతుంది. వారానికి మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజుల్లో పిల్లల ట్యూషన్లు, కూరగాయలు, పెళ్లిళ్లు పేరంటాలు. అన్నీ కలిపి నెలకు 1,150 కిలోమీటర్లు తిరుగుతాం. పాత పెట్రోలు కారు సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు పన్నెండు, పన్నెండున్నర ఇచ్చేది. అప్పట్లో హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల పైచిలుకు. అంటే నెలకు పెట్రోలుకే పదివేలకు కాస్త అటూ ఇటూ. ఈ లెక్క వేసింది మా ఆవిడ. "పదివేలు బంకులో పోసే బదులు ఈఎంఐలో కట్టొచ్చు కదండీ" అంది. అక్కడ మొదలైంది.

ఫిబ్రవరి మధ్యలో బుక్ చేశాం. నాలుగు వారాలన్నారు, ఆరు వారాలు పట్టింది. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. 2026 డిసెంబరు 31 దాకా ఈ మినహాయింపు ఉంది. ఇదే ధరలో పెట్రోలు కారు కొంటే లైఫ్ ట్యాక్సే రెండు లక్షలు దాటేది. షోరూం వాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో ఆ వరుస దగ్గర సున్నా చూసినప్పుడు కలిగిన సంతోషం, దాని కిందే ఉన్న ఇన్సూరెన్స్ అంకె చూడగానే సగం ఆవిరైంది. థర్డ్ పార్టీ ప్రీమియంలో ఎలక్ట్రిక్ బండ్లకు 15 శాతం తగ్గింపు ఉన్న మాట నిజమే. కానీ మొత్తం ప్రీమియంలో బరువంతా సొంత బండి డ్యామేజ్ భాగానిది, అది బండి విలువను బట్టి ఉంటుంది. బయట రెండు మూడు చోట్ల అడిగితే షోరూం చెప్పిన దానికన్నా 14 వేలు తక్కువకే వచ్చింది. అది అడిగి తీరాల్సిన విషయం. అన్నీ కలిపి 16 లక్షల చిల్లర అయింది. ఆకుపచ్చ నంబరు ప్లేటు చేతికి రావడానికి మరో రెండు వారాలు.

మైలేజీ గురించి ఒక మాట. ధ్రువీకరణ పరీక్షలో ఈ బ్యాటరీకి ఒక్క ఫుల్ చార్జింగ్‌తో 489 కిలోమీటర్లు. కంపెనీ బ్రోచర్‌లోనే పక్కన ఇంకో అంకె ఉంటుంది, మామూలు వాడకంలో 350 నుంచి 370 అని. నేను మొదటి నుంచీ రెండో అంకెనే నమ్మాను. సిటీలో నాకు ఏసీ వేసుకుని 330 నుంచి 350 వస్తోంది. ట్రాఫిక్‌లో మాటిమాటికీ బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది కాబట్టి ఇక్కడ లెక్క తలకిందులు. పెట్రోలు కారు హైవే మీద ఎక్కువ ఇస్తుంది, ఇది సిటీలో ఎక్కువ ఇస్తుంది. ఇది మనసుకు ఎక్కడానికి నాకు నెల రోజులు పట్టింది.

ఇక అసలు కథ సెల్లార్‌లో.

మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మీటర్ల ప్యానెల్ సెల్లార్‌లో ఒక మూల, మా పార్కింగ్ ఇంకో మూల. బండి రాకముందే, మార్చి మొదట్లో, అసోసియేషన్ సెక్రటరీ గారిని కలిసి విషయం చెప్పాను. "దానిదేముందండీ, పెట్టుకోండి" అన్నారాయన. బండి వచ్చాక అదే విషయం వాట్సాప్ గ్రూపులో పెట్టేసరికి వాతావరణం మారిపోయింది. ఎక్కడో స్కూటర్ బ్యాటరీ తగలబడిన వీడియో ఒకరు పంపారు. ఇంకొకరు, "రాత్రి మేం పడుకున్నాక కింద ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?" అన్నారు. మూడో అంతస్తు పెద్దాయన, "జనరేటర్ మీద కూడా చార్జింగ్ పెడతారా? డీజిల్ ఖర్చు అందరిదీ కదా" అని అడిగారు. చిరాకు పడ్డాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగిందే అసలైన ప్రశ్న. కామన్ లైను నుంచి తీసుకుంటే కరెంటు పోయినప్పుడు నా కారు జనరేటర్ మీద చార్జ్ అవుతుంది. నా ఫ్లాట్ మీటర్ నుంచి విడిగా లైను లాగి, జనరేటర్ బ్యాకప్‌కు తగలకుండా పెట్టాలి. అలా చేస్తానని రాసిచ్చాను.

ఏప్రిల్ మొదటి వారంలో దరఖాస్తు ఇచ్చాను. మీటింగ్ రెండు ఆదివారాలు వాయిదా పడింది, ఒకసారి ఎవరి ఇంట్లోనో ఫంక్షన్, ఒకసారి కోరం లేదు. మూడో ఆదివారం కూర్చున్నాం. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రింటు తీసుకెళ్లాను. ఇంటికున్న కనెక్షన్‌తోనే సొంత బండిని చార్జ్ చేసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. ఆ కాగితం వల్ల వాదన గెలిచానని చెప్పను గానీ, మాట తీరు మారింది. "పెట్టొచ్చా" అన్న ప్రశ్న పోయి "ఎలా పెట్టాలి" అన్న చర్చ వచ్చింది. సాకెట్ నేల నుంచి ఐదడుగుల ఎత్తున ఉండాలని తీర్మానం. వానాకాలంలో మా సెల్లార్‌లోకి నీళ్లు వస్తాయి కాబట్టి అది మంచి సలహానే. పక్కనే మంటలార్పే సిలిండర్ నా ఖర్చుతో పెట్టాలన్నారు. సరే అన్నాను.

తర్వాత కరెంటు లోడు. మాకు మంజూరైంది 3 కిలోవాట్లు. కారు చార్జర్ ఒక్కటే 3.3 కిలోవాట్లు లాగుతుంది. పైన ఏసీ, గీజర్ నడుస్తుండగా కింద కారు పెడితే, లోడు ఎక్కువైనప్పుడు కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ పడిపోతుంది. 5 కిలోవాట్లకు పెంచమని దరఖాస్తు పెట్టాం. అది దాటితే త్రీ ఫేజ్ మీటరు కావాలని లైన్‌మన్ చెప్పాడు కాబట్టి అక్కడే ఆగాం. చార్జీలు, డిపాజిట్ కలిపి ఐదారు వేలైంది. ఈ పని మాత్రం నేను భయపడినంత లేదు, పది రోజుల్లో అయిపోయింది.

వైరింగ్‌కు అయిన ఖర్చు చూసి మాత్రం నోరెళ్లబెట్టాను. మీటరు నుంచి పార్కింగ్ దాకా గోడల వెంబడి కొలిస్తే దాదాపు 45 మీటర్లు. అంత దూరానికి సన్న వైరు పనికిరాదు, 6 ఎంఎం రాగి కేబుల్ వేయాల్సిందే. కేబుల్, పైపు, విడి ఎంసీబీ, షాక్ కొడితే కరెంటు ఆపేసే ఆర్సీసీబీ, కూలీ అన్నీ కలిపి 27 వేలు. మా ఎలక్ట్రీషియన్ మొదట మామూలు పవర్ ప్లగ్గు బిగించాడు. మొదటి రాత్రి రెండు గంటల తర్వాత చెయ్యి పెట్టి చూస్తే ప్లగ్గు మీద చెయ్యి ఆనించలేనంత వేడి. గీజర్ పావుగంట నడిచి ఆగుతుంది, కారు తొమ్మిది గంటలు ఏకబిగిన లాగుతుంది. ఈ తేడా చాలామంది ఎలక్ట్రీషియన్లకు ఇంకా అలవాటు కాలేదు. మరుసటి రోజు మంచి కంపెనీ 16 ఆంప్స్ సాకెట్ కొని, లోపలి కనెక్షన్లు గట్టిగా బిగించి మార్చాం. ఇప్పటికీ నెలకోసారి చెయ్యి పెట్టి చూస్తాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు.

మొత్తం మీద మే రెండో వారం దాకా ఇంట్లో చార్జింగ్ లేదు. అంటే బండి వచ్చి నెలన్నర. ఆ నెలన్నర బయట ఫాస్ట్ చార్జర్ల మీద బతికాం. యూనిట్ 21 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, వెరసి పాతిక దగ్గర. నెలకు నాలుగు వేల దాకా అయింది. పెట్రోలుతో పోలిస్తే తక్కువే అయినా, డబ్బు కన్నా విసుగు ఎక్కువ. ఆఫీసులో పెట్టిన పాయింట్లు పొద్దున తొమ్మిదిన్నరకే నిండిపోయేవి. రాత్రి భోజనం అయ్యాక బండి తీసుకుని ఎల్బీనగర్ వైపు వెళ్లి, క్యాబుల వెనకాల వరుసలో కూర్చుని, ముప్పావు గంట ఫోన్ చూసుకుంటూ ఉండటం. ఒక్కో చార్జింగ్ కంపెనీకి ఒక్కో యాప్. ప్రతి యాప్‌లో ముందే డబ్బు వేయాలి. నా ఫోన్‌లో ఇప్పటికీ నాలుగైదు యాపుల్లో వంద, నూటయాభై చొప్పున ఇరుక్కుపోయి ఉన్నాయి. ఆ రోజుల్లో మా ఆవిడ "ఈఎంఐ" మాట ఎత్తలేదు, అది నాకు మిగిలిన ఊరట.

అందుకే నన్ను అడిగేవాళ్లకు మొదట చెప్పేది ఇదే. సొంత పార్కింగ్‌లో ప్లగ్గు వచ్చాకే బండి బుక్ చేయండి. అద్దె ఇంట్లో ఉండి, ఓనరు ఒప్పుకోకపోతే ఈ బండి ఇప్పుడే వద్దు.

ఇంట్లో పెట్టాక జీవితం మారిపోయింది. రాత్రి పదిన్నరకు పెడితే ఉదయం ఏడున్నరకు 60 శాతం దాకా ఎక్కుతుంది. రోజూ పెట్టాల్సిన పని లేదు, వారానికి రెండుసార్లు చాలు. మామూలు రోజుల్లో 80, 85 శాతం దగ్గర ఆపేస్తాను. నెలకోసారి ఇంట్లోనే నెమ్మదిగా నూరు దాకా ఎక్కించమని సర్వీసు వాళ్లు చెప్పారు. ఆదివారాలు అందుకు పెట్టుకున్నాను.

జూన్‌లో మొదటి పూర్తి నెల బిల్లు వచ్చింది. కారు లేనప్పుడు మాకు మామూలుగా 250 యూనిట్లు. కారు 180 దాకా కలిపింది. ఇక్కడ చిక్కు ఏమిటంటే, కారు యూనిట్లు మన బిల్లులో పై స్లాబుల్లో పడతాయి. తెలంగాణలో 300 దాటితే యూనిట్ 9 రూపాయలు, 400 దాటితే తొమ్మిదిన్నర. ఇంటి సగటు రేటు వేసుకుని "కారుకు వెయ్యి రూపాయలే అవుతుంది" అనుకుంటే లెక్క తప్పుతుంది. మాకు పెరిగింది దాదాపు 1,600. మే నెలలో ఏసీలు రెండూ నడిచినప్పుడు కారు యూనిట్లన్నీ తొమ్మిదిన్నర స్లాబులోనే పడ్డాయి. అయినా కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు, పాత కారుకు ఎనిమిదిన్నర అయ్యేది. ఇంకో సంగతి, మీటర్లో తిరిగే యూనిట్లకూ బ్యాటరీలో చేరే యూనిట్లకూ పదో వంతు తేడా ఉంటుంది. మధ్యలో వేడి రూపంలో పోతుంది. కారు స్క్రీన్ మీద అంకె చూసి బిల్లు లెక్క వేయకండి.

ఇక ఊరి ప్రయాణం. మా ఊరు నరసరావుపేట దగ్గర. విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దాకా వెళ్లి, అక్కడ అద్దంకి రోడ్డు పట్టుకుని నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా వెళ్తాం. దాదాపు 240 కిలోమీటర్లు. మే చివర్లో, పిల్లల సెలవుల్లో బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. డిక్కీ నిండా సామాను, ఊరగాయకని అత్తయ్య కొన్న ఖాళీ జాడీలు సహా.

కాగితం మీద 240 కిలోమీటర్లు ఒక్క చార్జింగ్‌తో అయిపోవాలి. 90 స్పీడులో వెళ్తే నాకు హైవే మీద 300 దాకా వస్తుంది, వంద దాటిస్తే 270కి పడిపోతుంది. స్పీడు పది పెరిగితే ఇంత తేడా రావడం పెట్రోలు కార్లో ఎప్పుడూ పట్టించుకోని విషయం. కానీ ఊళ్లో చార్జింగ్ ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి దారిలో ఒకచోట ఎక్కిద్దామనుకున్నాం. ఉదయం ఐదింటికి నూరు శాతంతో బయల్దేరితే మిర్యాలగూడకు వచ్చేసరికి 54 శాతం.

యాప్‌లో ఒక హోటల్ ఆవరణలో చార్జర్ ఖాళీగా ఉందని పచ్చగా చూపించింది. వెళ్తే స్క్రీనే వెలగలేదు. హోటల్ కుర్రాడు, "రెండ్రోజుల్నుంచి పనిచేస్తలేదు సార్, ఫోన్ చేసినం" అన్నాడు. నా కడుపులో మొదలైన టెన్షన్ వెనక సీట్లోకి పాకింది. "పెట్రోలు బండయితే ఈపాటికి ఊళ్లో టిఫిన్ చేస్తూ ఉండేవాళ్లం" అని అత్తయ్య ఎవరితోనో కాకుండా కిటికీతో అన్నారు. నిజానికి 54 శాతంతో మిగిలిన వంద కిలోమీటర్లు హాయిగా వెళ్లిపోవచ్చు. ఆ లెక్క నాకు తెలుసు, అయినా చెమటలు పట్టాయి. కాస్త ముందు పెట్రోలు బంకులో ఇంకో చార్జర్ ఉంది, 30 కిలోవాట్లది. అక్కడ ఒక క్యాబ్ చార్జింగ్‌లో ఉంది. ఇరవై అయిదు నిమిషాలు ఆగి, ఆ తర్వాత అరగంటకు పైగా పెడితే 85 అయింది. 350 రూపాయల చిల్లర. ఆలోపు పిల్లలు ఇడ్లీ తిన్నారు, అత్తయ్య చెట్టు కింద కునుకు తీశారు. బంకులో బాత్‌రూం శుభ్రంగా ఉండటం ఆ రోజు అన్నిటికన్నా పెద్ద అదృష్టం.

ఈ దెబ్బతో ఒక అలవాటు చేసుకున్నాం. చార్జర్ ఖాళీగా ఉందా అని చూడటం కాదు, దాంట్లో ఆఖరిసారి ఎవరైనా ఎప్పుడు ఎక్కించుకున్నారో చూడాలి. కొన్ని యాపుల్లో అది కనపడుతుంది. ఆ రోజు ఉదయం ఎవరో ఎక్కించుకుని ఉంటే అది బతికే ఉన్నట్టు. ఒకదాన్ని నమ్ముకుని వెళ్లకుండా దానికి పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపు రెండోది ఉన్నచోటే ఆగాలి.

ఊరు చేరేసరికి 53 శాతం. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. బండి చప్పుడు లేకుండా వచ్చి ఆగేసరికి, "ఏందిరా, ఇంజను ఆపేసి దొర్లించుకుంటా వచ్చావా?" అన్నారు. సాయంత్రం వరండాలో మోటారుకు వాడే పవర్ ప్లగ్గులో చార్జర్ పెట్టాను. చార్జర్ పెట్టె మీద ఎర్ర లైటు. తీసి మళ్లీ పెట్టాను, ఎర్ర లైటే. ఇంకో ప్లగ్గులో పెట్టాను, అదే. నాన్న వెనక నిలబడి ఏమీ అనకుండా చూస్తున్నారు, అది ఇంకా కష్టం.

ఊళ్లో కరెంటు పని చేసే అబ్బాయి వచ్చాడు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూశాడు. మినుకు మినుకుమంటోంది. "ఎర్త్ లేదన్నా. వైరు ఉంది గానీ అది ఎక్కడికీ పోలేదు" అన్నాడు. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్త్ ఎప్పుడో తుప్పుపట్టి తెగిపోయింది. ఫ్యాను, టీవీ, మోటారు అన్నీ ఇన్నేళ్లూ ఎర్త్ లేకుండానే నడిచాయి, ఎవరికీ తెలియలేదు. కారు చార్జర్ మాత్రం ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు తీసుకోదు. మన ప్రాణం కోసమే ఆ ఏర్పాటు. అమ్మ రోజూ తడి చేతులతో ఆన్ చేసే మోటారు గుర్తొచ్చి నాకు ఒళ్లు జలదరించింది.

మరుసటి రోజు పెరట్లో గుంట తవ్వించి, జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) దింపి, చుట్టూ బొగ్గు, రాళ్లుప్పు పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోశారు. కొత్త ఎర్త్ వైరు ప్లగ్గు దాకా లాగారు. మొత్తం నాలుగు వేలు. బల్బు ఈసారి నిండుగా వెలిగింది. రాత్రి ఏడింటికి పెడితే మళ్లీ ఆగిపోయింది, ఈసారి ఓల్టేజీ లేక. ఊరంతా ఫ్యాన్లు, కూలర్లు వేసే సమయం అది. పదకొండు దాటాక పెడితే పచ్చ లైటు వచ్చింది, తెల్లారేదాకా ఆగలేదు. రెండు రాత్రుల్లో నిండిపోయింది. వేసవిలో వారానికోసారి ఆ ఎర్త్ గుంటలో బిందెడు నీళ్లు పోయమని నాన్నకు చెప్పాను. తులసమ్మకు పోసినట్టు శ్రద్ధగా పోస్తున్నారట.

మేం వచ్చేసిన నెల తర్వాత నాన్న ఫోన్. "బిల్లు ఆరొందలు ఎక్కువొచ్చింది. నీ బండేనా?" నా బండే. గూగుల్ పే చేశాను. "నేనడిగింది డబ్బుల గురించి కాదురా, మీటరేమన్నా చెడిందేమోనని" అన్నారు, తిరిగి మాత్రం పంపలేదు.

నాన్న మనసు మారింది దసరాకు వెళ్లినప్పుడు. గాలివాన వచ్చి సాయంత్రం పోయిన కరెంటు రాత్రి దాకా రాలేదు. ఈ కారు నుంచి ఇంటి వస్తువులకు కరెంటు తీసుకునే సదుపాయం ఉంది, దాని అడాప్టరు విడిగా కొని డిక్కీలో పెట్టుకున్నాను. వరండాలో రెండు ఫ్యాన్లు, ఒక లైటు పెట్టి రాత్రంతా నడిపితే బ్యాటరీలో మూడు నాలుగు శాతం కూడా తగ్గలేదు. పక్కింటి వాళ్లు ఫోన్లు తెచ్చి చార్జింగ్ పెట్టుకున్నారు. తెల్లారి నాన్న కల్లంలో ఎవరికో కారు గురించి చెబుతుంటే విన్నాను. నేను చెప్పినదానికన్నా రెండింతలు చెబుతున్నారు.

సంక్రాంతి ప్రయాణం వేరే పరీక్ష. భోగికి రెండు రోజుల ముందు బయల్దేరాం. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజాకు ముందు నుంచే బండ్లు ఆగిపోయాయి. చాలామంది అడిగే ప్రశ్న, జామ్‌లో ఇరుక్కుంటే చార్జింగ్ అయిపోదా అని. ఆగి ఉన్నప్పుడు మోటారుకు ఖర్చు లేదు. ఏసీ, పాటలు మాత్రమే. చలికాలం ఉదయం కాబట్టి అదీ తక్కువే. గంటకు పైగా పాకుతూ వెళ్లినా రెండు శాతం లోపే తగ్గింది. చప్పుడు, పొగ లేకుండా కూర్చున్నాం, పిల్లలు నిద్రపోయారు.

ఇబ్బంది జామ్ దగ్గర కాదు, చార్జర్ దగ్గర. పండక్కి ఊరెళ్లే ఎలక్ట్రిక్ కార్లన్నీ అవే నాలుగు చార్జర్ల దగ్గరికి వస్తాయి. మిర్యాలగూడలో మా ముందు మూడు కార్లు. అందరూ మాట్లాడుకుని 80 శాతానికి తీసేద్దామనుకున్నాం, ఎందుకంటే 80 దాటాక చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది, మిగతా 20 శాతానికి పట్టే సమయంలో ఇంకో బండి సగం ఎక్కించుకోవచ్చు. ఒకాయన మాత్రం చార్జర్ గన్ను కారుకు పెట్టేసి కుటుంబంతో భోజనానికి వెళ్లిపోయాడు. ఫోన్ నంబరు లేదు, బండి లాకు. 97 శాతం అయ్యాక తీరిగ్గా పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. దయచేసి అద్దం మీద నంబరు రాసిపెట్టి వెళ్లండి. నేను ఊళ్లో ఎర్త్ ఉందన్న ధైర్యంతో వరుస వదిలేసి, స్పీడు 80కి తగ్గించి వెళ్లిపోయాను. పిడుగురాళ్ల దాటేసరికి 31, ఇంటికి 19 శాతంతో చేరాం. మే నెలలో ఆ అంకె చూసి ఉంటే బండి పక్కకు ఆపి ఏడ్చేవాడిని.

ఖర్చుల సంగతి ముగిస్తాను. మొదటి ఏడాది సర్వీసింగుకు మూడు వేలు దాటలేదు, ఆయిల్ మార్పులు లేవు. టైర్లు మాత్రం పాత కారుకన్నా త్వరగా అరుగుతున్నట్టున్నాయి, బండి బరువు, పికప్ రెండూ కారణమని టైర్ల షాపులో అన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు టోల్, ఫాస్టాగ్ మామూలే. ఇదే స్థాయి పెట్రోలు ఆటోమేటిక్ కన్నా మేం ఎక్కువ పెట్టింది రెండు లక్షల పైన, చార్జింగ్ పాయింట్ ఖర్చు అదనం. నెలకు ఎనిమిది వేల దాకా మిగులుతోంది కాబట్టి రెండున్నర, మూడేళ్లలో సరిపోతుంది. కానీ ఇప్పుడు కొనేవాళ్లు నా లెక్క వాడుకోకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, ఎలక్ట్రిక్ కార్ల మీద ముందున్న 5 శాతమే ఉంది. అంటే రెండిటి మధ్య ధర తేడా పెరిగింది. నెలకు ఐదారు వందల కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లకు డబ్బు లెక్కలో ఇది గిట్టుబాటు కావడం కష్టం.

ప్రస్తుతం నేను ఈవీ చార్జింగ్ కేటగిరీలో విడి మీటరు కోసం కనుక్కుంటున్నాను, స్లాబుల గొడవ తప్పుతుందని. ఈలోగా మా సెల్లార్‌లో ఇంకో రెండు ఫ్లాట్ల వాళ్లు చార్జింగ్ పాయింట్‌కు దరఖాస్తు ఇచ్చారు. అందులో ఒకరు అప్పట్లో జనరేటర్ గురించి అడిగిన మూడో అంతస్తు పెద్దాయన, వాళ్లబ్బాయికి బండి బుక్ చేశారు. వచ్చే ఆదివారం మీటింగ్ పెట్టాం. ఈసారి చర్చ అపార్ట్‌మెంట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కార్లను మోయగలదని.